గట్టింగ్‌కి ఐదు స్టార్లు, టైముకి రెండు

గుంటూరు బ్రాడీపేటలో బ్యాడ్మింటన్ రాకెట్లకి గట్టింగ్ చేసే (అంటే తీగలు బిగించే) ఈ షాపుకి రెండేళ్లుగా వెళ్తున్నాను. ఆరేడు సార్లు రాకెట్ ఇచ్చి ఉంటాను, ఒక్కసారి కూడా చెప్పిన టైముకి చేతికి రాలేదు. మొన్న కూడా ఆరింటికి రమ్మన్నాడు, ఏడున్నరకి ఇచ్చాడు, నా కోర్టు స్లాట్ పోయింది. అయినా ఇంకో షాపుకి మాత్రం వెళ్లను.

పనితనం అలాంటిది మరి. తీగల బిగువు (టెన్షన్) 24 పౌండ్లు అంటే 24 పౌండ్లే. అంతకుముందు వేరే చోట వేయిస్తే నెల తిరిగేసరికి గట్ వదులైపోయి, షటిల్ కాక్ తగిలితే తడిసిన అప్పడం మీద కొట్టినట్టు ఉండేది. ఇక్కడ షాపు బాబాయ్ పాత గట్ తీసేటప్పుడే మధ్యలోంచి కోసుకుంటూ వస్తాడు, ఓ పక్కనుంచి కోస్తే టెన్షన్ అంతా ఒకవైపుకి లాగి ఫ్రేమ్ వంగుతుందట. తర్వాత ఫ్రేమ్ చుట్టూ ఉండే చిన్న ప్లాస్టిక్ గొట్టాల్ని ఒక్కొక్కటీ గోరుతో నొక్కి చూసి, పగిలినవి అడక్కుండానే మారుస్తాడు. బీజీ 65 గట్, కూలీ కలిపి 450 తీసుకున్నాడు.

లేటవడానికి కారణం గోడ మీది బోర్డు. నీలం రంగు రేకు మీద తెల్ల అక్షరాలతో మగవాళ్ల సింగిల్స్ జాతీయ ఛాంపియన్ల పేర్లు, 1971 నుంచి. పెయింటర్ బద్ధకస్తుడేమో, మొదటి వరసలో ప్రకాశ్ పదుకొనె అని రాసి కింద ఎనిమిది వరసలకీ పై పేరే అన్నట్టు రెండేసి గీతలు పెట్టి వదిలేశాడు. మొన్న నా పక్కన కూర్చున్న పదేళ్ల పిల్లాడు అది చూసి "తాతా, ఆ ఎనిమిదేళ్లూ ఎవరూ ఆడలేదా?" అన్నాడు. బాబాయ్ నా రాకెట్ మెషీన్ మీదే వదిలేసి "ఆడార్రా, ఓడిపోయారు" అని మొదలుపెట్టాడు. అయిపోయింది, నా ఆరింటి టైము అక్కడే పోయింది.

కానీ వింటూ కూర్చున్నాను, అబద్ధమెందుకు. 1971 నుంచి 79 దాకా తొమ్మిదీ ప్రకాశ్‌వి, 80 నుంచి 87 దాకా ఎనిమిదీ సయ్యద్ మోదీవి, అంటే దేశం మొత్తం మీద 17 ఏళ్లు ఇద్దరే! ఆ మరుసటి ఏడాది జులైలో మోదీని లక్నోలో స్టేడియం బయట కాల్చి చంపారు. ఇంకాస్త కిందకొస్తే 1996 నుంచి 2000 వరకు వరసగా ఐదు సార్లు పుల్లెల గోపీచంద్. ఇక్కడ మాత్రం ఐదు సార్లూ పేరు పూర్తిగా రాయించాడు, "నాగండ్ల మనకెంత దూరం రా" అంటాడు. నాలుగు సార్లు గెలిచిన మన బెజవాడ చేతన్ ఆనంద్ పేరుకీ అదే మర్యాద.

నా కంప్లయింట్ ఆడవాళ్ల బోర్డు గురించి. అది తలుపు వెనక ఉంది. చదవాలంటే తలుపు మూయాలి, మూస్తే మే నెలలో ఆ ఒక్క ఫ్యాను కింద ఉడికిపోవాలి. ప్రకాశ్‌తో సమానంగా తొమ్మిది టైటిళ్లు గెలిచిన అపర్ణా పోపట్ తలుపు వెనకా? డబుల్స్ బోర్డయితే అసలు లేనే లేదు, మన గుత్తా జ్వాల 14 సార్లు నేషనల్ ఛాంపియన్. అడిగితే "గోడ చాల్లేదు" అన్నాడు, ఎదురుగా క్యాలెండర్లు మాత్రం నాలుగు వేలాడుతున్నాయి.

ఇంకొకటి, ఆ ఆడవాళ్ల బోర్డు మీద 2019 కింద నేరుగా 2023 ఉంటుంది, పెయింటర్ మర్చిపోయాడనుకున్నాను. కాదు, 2019 ఫిబ్రవరిలో గువాహటిలో సైనా సింధుని ఓడించి నాలుగో టైటిల్ గెలిచాక, కోవిడ్ వల్ల మళ్లీ 2023 దాకా నేషనల్స్ జరగనే లేదు. ఆ 2023లో ఏకంగా రెండు సార్లు జరిగాయి, డిసెంబరులో పదహారేళ్ల అన్మోల్ ఖర్బ్ గెలిచింది. అందుకే ఆ ఏడాదికి రెండు వరసలు. బాబాయ్ లెక్కలో అన్నిటికంటే గొప్పది 2017 నాగపూర్. టాప్ ఎనిమిది మందికి నేరుగా ప్రీక్వార్టర్స్‌లో (పదహారు మంది మిగిలే రౌండులో) చోటు ఇచ్చేసరికి పెద్దవాళ్లంతా వచ్చారు, ఫైనల్స్‌లో ప్రణయ్ శ్రీకాంత్‌ని, సైనా సింధుని ఓడించారు. సైనా రెండో గేము 27-25. ఆ స్కోరు చెప్పేటప్పుడు ఆయన చేతిలో ఏ రాకెట్ ఉన్నా అది ఇంకో పావుగంట లేటు.

గ్రిప్పుల్లో పెద్దగా ఛాయిస్ లేదు, ఫెదర్ కాక్‌లు ఒకే కంపెనీవి పెడతాడు. మీ నాన్నల్ని తీసుకెళ్తే జాగ్రత్త, వాళ్లకి బ్యాడ్మింటన్ అంటే పసుపు ఉన్ని బంతితో ఆడే బాల్ బ్యాడ్మింటనే, ఆ వాదన మొదలైతే షట్టరు దించేదాకా తేలదు. అర్జెంటయితే పొద్దున షాపు తియ్యగానే వెళ్లి రాకెట్ ఇచ్చెయ్యండి, బోర్డు వైపు చూడకండి. ఫోన్‌పే ఉంది, బిల్లు ఇవ్వడు.