కడుపులో బిడ్డ, అండాశయంలో గడ్డ: ఇప్పుడే తీయించాలా, కాన్పు దాకా ఆగాలా?

నాలుగో నెల స్కానింగ్‌లో అండాశయం మీద గడ్డ ఉందనగానే, అమలాపురమైనా భీమవరమైనా ఇంట్లో రెండు మాటలు లేస్తాయి. "వెంటనే తీయించేద్దాం" అని ఒకరు, "కాన్పయ్యాక చూద్దాంలే" అని ఇంకొకరు. ఎవరి మాట నెగ్గాలో గడ్డే చెబుతుంది.

5 సెం.మీ. లోపు ఉండి, పల్చటి గోడ, లోపల నీరు తప్ప ఏమీ లేకపోతే ఆగడమే మేలు. అలాంటివి చాలావరకు 16 వారాలకల్లా తగ్గిపోతాయి. గట్టిగా ఉండి, లోపల రక్తప్రసరణ కనిపిస్తూ, స్కాన్ స్కాన్‌కీ పెరుగుతుంటే డిస్‌జెర్మినోమాను అనుమానించాలి. అరుదే గానీ, చిన్న వయసు ఆడవాళ్లకే ఎక్కువగా వచ్చే క్యాన్సర్ ఇది. దీన్ని కాన్పు దాకా వదిలేయకండి. పెద్ద గడ్డ మెలిపడితే అప్పటికప్పుడు ఆపరేషన్ చెయ్యాలి. గోదావరి పొంగి, పడవ తప్ప దారిలేని లంక ఊళ్లో ఆ నొప్పి మొదలైతే ఎంత ప్రమాదమో ఆలోచించండి.

గడ్డ స్వభావం తెలుసుకోవడానికి చేసే రక్తపరీక్షల్లో సీఏ-125, ఏఎఫ్‌పీ, హెచ్‌సీజీ అనే గుర్తులు గర్భం వల్ల కూడా పెరుగుతాయి. ఆ అంకెలు ఒక్కటే చూసి బెంబేలు పడొద్దు. డిస్‌జెర్మినోమాలో పెరిగే ఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్ మామూలు గర్భంలో అంతగా మారదు కాబట్టి ఇక్కడ అదే ఎక్కువ అక్కరకొస్తుంది. ఎంఆర్‌ఐ తీయించవచ్చు, గాడోలినియం అనే రంగుమందు ఎక్కించకుండా.

ఆపరేషన్‌కు అనువైన కాలం 16–20 వారాలు. మరీ ముందైతే గర్భం నిలిపే ప్రొజెస్టిరాన్ హార్మోన్ ఆ అండాశయం నుంచే వస్తుండవచ్చు. మరీ ఆలస్యమైతే పెరిగిన గర్భసంచి అడ్డొస్తుంది.

కీహోలా (చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్), పొట్ట మీద నిలువు కోతా? నీటిగడ్డకు కీహోల్ చాలు. క్యాన్సర్ అనుమానముంటే నిలువు కోతే మా సలహా. కోత పెద్దదే, నొప్పీ ఎక్కువే. కానీ గడ్డ చిట్లకుండా మొత్తంగా బయటికి రావాలి, చిట్లితే క్యాన్సర్ దశ పెరిగిపోతుంది. క్యాన్సర్ కణాలున్నాయేమో చూడ్డానికి, ఆపరేషన్‌లో కడుపు లోపల కడిగిన నీళ్లనూ పరీక్షకు పంపాలి. రెండో అండాశయం మామూలుగా కనిపిస్తే దాన్ని ముట్టుకోకూడదు.

డిస్‌జెర్మినోమా 1ఏ దశే (ఒక్క అండాశయం లోపలే ఉంది) అని తేలితే కీమో అక్కర్లేదు, క్రమం తప్పని పరీక్షలు చాలు. వ్యాపించి ఉంటే కీమో మొదటి మూడు నెలలు దాటాకే. కాన్పుకు 3 వారాల ముందే ఆపాలి, లేదంటే తల్లీబిడ్డలకు రక్తకణాలు పడిపోయి ఉన్న సమయంలో కాన్పు వస్తుంది. కీమో నడుస్తుండగా తల్లిపాలు ఇవ్వకూడదు.

పురిటికి పుట్టింటికి వెళ్తుంటే రిపోర్టులతోపాటు ల్యాబ్ నుంచి గడ్డ ముక్కతో చేసిన స్లైడ్లు, ఆ ముక్కను భద్రపరిచిన మైనం బ్లాకు కూడా అడిగి తీసుకెళ్లండి. కొత్త డాక్టరు మొదట అడిగేవి అవే.