గ్రోగ్ కలిసిన స్టోన్‌వేర్ మట్టి: 5 ఏళ్ల వాడకం తరువాత

గ్రోగ్ అంటే ఒకసారి కాల్చి, నలగ్గొట్టి, జల్లించిన మట్టి రేణువులు. అవి ముతకగా కలిసిన స్టోన్‌వేర్ మట్టిని, అంటే ఎక్కువ వేడిలో కాల్చితే రాయిలా గట్టిపడే మట్టిని, 5 ఏళ్లుగా వాడుతున్నాను. రోజూ వాడుకునే కప్పులు, గిన్నెలు, టీపాట్‌లతో పాటు అలంకారానికి నిలబెట్టే పెద్ద పూలకూజాలు కూడా ఈ మట్టితోనే చేశాను. రెండు పనులకూ ఇదొక్కటే చాలునని చెబితే నమ్మి కొన్నాను. ఆ మాట సగమే నిజం.

కూజాల విషయంలో ఈ మట్టికి వంక పెట్టలేను. గ్రోగ్ అప్పటికే కాలినది కనుక మళ్లీ కుంచించుకుపోదు, పైగా లోపలి తేమ బయటికి రావడానికి దారి ఇస్తుంది. అందువల్ల మందపాటి గోడలు కూడా బీటలు వారకుండా ఆరుతాయి. సారె మీద 40 సెంటీమీటర్ల ఎత్తు లేపినా గోడ కూలబడదు. సగం ఆరిన కూజాను ఇనుప రేకుతో గీరితే రేణువులు ఈడ్చుకుపోయి సన్నని చాళ్లు పడతాయి. మొదట్లో వాటిని లోపమనుకుని స్పాంజితో తుడిచేసేదాన్ని. ఇప్పుడు కూజా భుజం వరకే గ్లేజు (కాల్పులో గాజులా మారే పూత) పోసి, కింది భాగాన్ని ఆ చాళ్లతోనే వదిలేస్తున్నాను.

చిక్కంతా కప్పులతోనే వచ్చింది. పెదవికి తగిలే అంచు గరగరలాడింది, నేను చేసిన తొలి గిన్నెల అడుగులు మా భోజనాల బల్లను గీకేశాయి. అంచును తడి తోలు ముక్కతో గట్టిగా నొక్కడం, చెక్కిన అడుగును చెంచా వీపుతో రుద్ది రేణువులను లోపలికి అణచడం అలవాటు చేసుకున్నాక చాలావరకు సర్దుకుంది. కాల్చిన తరువాత కూడా అడుగును సానరాయితో రుద్దుతాను. అయితే నీళ్లలో తడుపుతూనే రుద్దాలి, ఎందుకంటే ఆ ధూళిలోని సిలికా ఊపిరితిత్తులకు హాని చేస్తుంది.

కుంచించుకుపోవడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. తడి మట్టి నుంచి, గ్లేజు పూశాక చేసే రెండో కాల్పు పూర్తయ్యేసరికి ఇది సుమారు 12 శాతం తగ్గుతుంది, అంటే 10 సెంటీమీటర్ల మూతి 8.8 అవుతుంది. తొలి ఏడాది జాడీలను ఈరోజు చేసి, మరునాడు వాటి మూతిని కొలిచి మూతలు చేసేదాన్ని. అప్పటికే జాడీ కొంత ఆరి తగ్గి ఉండేది, తడిగా ఉన్న మూత ఆ తరువాత తన వంతు తగ్గేది; చివరికి మూత జాడీలోకి జారిపడేది. ఇప్పుడు రెండింటినీ ఒకే పూట చేసి, రెండూ తడిగా ఉండగానే కొలిచి, మూత పెట్టే ఆరబెడుతున్నాను, మొదటి కాల్పుకూ అలాగే పంపుతున్నాను. టీపాట్ కొమ్ముది మరో తంటా: సారె మీద తిప్పి చేసిన కొమ్ము కాల్పులో మెలి విప్పుకుంటుంది కాబట్టి, దాని కొసను ఆ మేరకు ముందే పక్కకు వాల్చి కోయాల్సి వస్తోంది.

నా అసలు ఫిర్యాదు సంచికీ సంచికీ ఉన్న తేడా గురించి. ఒక విడత మట్టితో చేసిన కూజా బల్ల మీద తడి వలయం మిగిల్చింది. అదే మట్టితో చేసిన గ్లేజు లేని ముక్కను తూచి, కొన్ని గంటలు నీళ్లలో ఉడికించి, తుడిచి మళ్లీ తూచాను: 400 గ్రాములది 414 అయింది, అంటే 3.5 శాతం నీరు పీల్చింది. అంతకుముందు విడతల్లో అది 1.5 దాటలేదు. కాల్పు చాలలేదని అమ్మినవారు తేల్చేశారు కానీ, సుమారు 1220 డిగ్రీల సెల్సియస్‌కు వంగవలసిన 6వ నంబరు కోన్ (వేడి చాలిందో లేదో తెలియడానికి బట్టీలో పెట్టే చిన్న శంకువు) ఆ కాల్పులో పూర్తిగా వంగే ఉంది. అప్పటినుంచి ప్రతి విడతలోనూ ఈ పరీక్ష చేశాకే నీళ్లు నిలిచే పాత్రలు మొదలుపెడుతున్నాను.

అలంకార కూజాలకు, మందపాటి పళ్లేలకు ఈ మట్టిని నిస్సంకోచంగా సూచిస్తాను. కప్పులకు మాత్రం ఏడాదిగా గ్రోగ్ లేని నున్నని మట్టి వాడుతున్నాను, రెండింటి తరుగునూ వేర్వేరు బకెట్లలో నానబెడుతున్నాను. ఒకసారి పరధ్యానంలో గుప్పెడు గ్రోగ్ మట్టిని నున్నని మట్టి బకెట్లో వేసినందుకు, ఆ బకెట్ మొత్తాన్నీ కూజాలకే వాడేయవలసి వచ్చింది.