పి-1ఎ, ఇబి-1ఎ: క్రీడాకారులకు ఏది?

అమెరికాలో సీజన్ ఆడి రావాలంటే పి-1ఎ అనే తాత్కాలిక వీసా చాలు. అక్కడి యజమాని లేదా ఏజెంటు ఐ-129 అనే దరఖాస్తు వేయాలి. ఒప్పందంతోపాటు ర్యాంకు, జాతీయ జట్టుకు ఆడిన రికార్డు వంటి 7 ఆధారాల్లో కనీసం 2 కావాలి.

గ్రీన్‌కార్డుకైతే అసాధారణ ప్రతిభావంతుల కోటా అయిన ఇబి-1ఎ. దానికి ఐ-140 దరఖాస్తు సొంతంగానే వేసుకోవచ్చు. ఒలింపిక్ పతకం లాంటిది లేకుంటే 10 ప్రమాణాల్లో 3 చూపాలి. మూడూ దాటినా అయిపోదు. ఆటలో శిఖరాన ఉన్న కొద్దిమందిలో ఒకరా అని అన్నీ కలిపి తూస్తారు. ఫైళ్లు చతికిలబడేది ఇక్కడే. ప్రమాణాల్లో ఒకటి మీ గురించి పత్రికల్లో వచ్చిన కథనం; స్కోర్‌కార్డులో పేరుంటే అది ‘మీ గురించిన’ కథనం కాదు. క్లిప్పింగ్‌కు శీర్షిక, తేదీ, రచయిత పేరు ఉండాలి. తెలుగు పత్రికదైతే ధ్రువీకరించిన ఇంగ్లీషు అనువాదమూ జతచేయాలి. ఆటగాడిగా పేరు తెచ్చుకుని కోచ్‌గా వెళ్తానంటే మరో చిక్కు: కోచింగ్‌లోనూ ఆ స్థాయి చూపమంటారు.