ఆకులు ఉచితం, పులిహోరకు 150 డాలర్లు

అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌కి ఫాల్ కలర్స్, అంటే రాలే ముందు రంగులు మారిన ఆకులు, చూడ్డానికి వెళ్దామనుకునే వాళ్లకి నేను ముందు చెప్పేది ఒక్కటే. అక్టోబర్ రెండో సోమవారం సెలవు కలిసొచ్చే కొలంబస్ డే లాంగ్ వీకెండ్‌లో అక్కడి లింకన్ ఊళ్లో గది తీసుకోకండి. కొండలు బాగున్నాయి, చెట్లు బాగున్నాయి, జలపాతాలూ బాగున్నాయి. వాటి సంగతీ చెప్తాను గానీ, ముందు ఆ మోటెల్ గురించి చెప్పకపోతే నాకు మనసు నిమ్మళించదు.

ఇది 2023 అక్టోబర్ ముచ్చట. అత్తయ్య, మామయ్య తెనాలి నుంచి వచ్చి న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మా దగ్గర ఉన్నారు. ఇంట్లో కూర్చుని టీవీ చూసి చూసి ఇద్దరికీ విసుగొచ్చేసింది. అయినా ప్రయాణం అనగానే అత్తయ్య మొహం ముడుచుకున్నారు. "మహాలయ పక్షాల్లో ఊరు కదలడమేంటి? దసరా వెళ్లాక చూద్దాం" అన్నారు. దసరా వెళ్లేదాకా ఆగితే అక్కడ చెట్లకి కొమ్మలే మిగులుతాయని మా ఆయన నచ్చజెప్పారు. రాలిపోయే ఆకుల కోసం 340 మైళ్లు వెళ్లడం ఏమిటో మామయ్యకి చివరిదాకా అర్థం కాలేదు. ఆయన రెవెన్యూలో పనిచేసి రిటైరయ్యారు. ఖర్చు ఎంతో, రసీదు ఎక్కడో అడగకుండా ఉండలేరు.

శనివారం దారి పొడుగునా వాన. హార్ట్‌ఫర్డ్ దగ్గర ట్రాఫిక్. ఆరు గంటల్లో చేరాల్సిన వాళ్లం రాత్రి తొమ్మిదిన్నరకి చేరాం.

గది జులైలోనే బుక్ చేశాను. రెండు క్వీన్ బెడ్లు, ఒక సోఫా బెడ్, కిచెనెట్, మౌంటెన్ వ్యూ అని రాసుంది. రాత్రికి 319 డాలర్లు, క్యాన్సిల్ చేస్తే పైసా రాదు. న్యూ హాంప్‌షైర్‌లో సేల్స్ ట్యాక్స్ లేదని అందరూ గొప్పగా చెప్తారు గానీ, గదులకీ హోటల్ భోజనాలకీ 8.5 శాతం ఉంది. రెండు రాత్రులకి మొత్తం 692 డాలర్ల 23 సెంట్లు. కుతూహలం కొద్దీ అదే గది నెలాఖరులో మంగళవారానికి ఎంతో చూశాను, 119.

తలుపు తీయగానే తడి కార్పెట్ వాసన. కిటికీ తెరుచుకోదు. మౌంటెన్ వ్యూ అంటే చెత్త డంప్‌స్టర్, దాని వెనక ఒక మట్టి దిబ్బ. సోఫా బెడ్ లాగితే మధ్యలో స్ప్రింగ్ పైకి పొడుచుకొచ్చి ఉంది, మా అమ్మాయి ఆ రెండు రాత్రులూ కింద దుప్పటి పరుచుకుని పడుకుంది. అన్నిటికంటే విచిత్రం కిచెనెట్. పొయ్యి ఉంది, దాని నాబ్‌లు లేవు! నాలుగూ పీకేసి, అవి ఉండాల్సిన చోట ఇనప పుల్లలు మాత్రం మిగిల్చారు. మైక్రోవేవ్ ఒక్కటి పనిచేస్తోంది. గది మార్చమని ఫ్రంట్ డెస్క్‌కి ఫోన్ చేస్తే ఊరంతా ఫుల్ అన్నారు. అది మాత్రం నిజమే, రోడ్డు పొడుగునా 'నో వేకెన్సీ' బోర్డులే.

అత్తయ్య ఇంటి నుంచే పులిహోర, గోంగూర పచ్చడి, పెరుగు కట్టి తెచ్చారు. పులిహోర మైక్రోవేవ్‌లో వేడి చేసుకుని కాగితం ప్లేట్లలో తిని, ప్లేట్లన్నీ సంచిలో మూట కట్టి బయట చెత్తలో వేసి పడుకున్నాం.

సోమవారం పొద్దున చెకౌట్‌లో బిల్లు చేతికిచ్చారు. కింద అదనంగా 150 డాలర్లు. ఏమిటని అడిగితే 'ఫుడ్ ఓడర్, డీప్ క్లీనింగ్', అంటే తిండి వాసన పోగొట్టడానికి గది కడిగే ఖర్చు, అంది డెస్క్ దగ్గరి పిల్ల. నాకు రక్తం తలకెక్కింది. మా ఆయనకి గొడవలంటే టెన్షన్, "పోనీలే, నూట యాభయ్యేగా" అని గొణిగారు. మామయ్యకి ఇంగ్లిష్ మాట్లాడ్డం అంతంతే, కానీ 150 అంకె కనబడింది. "ఏ రూల్ కింద వేసిందో అడుగు. కాగితం చూపించమను" అన్నారు నాతో.

అడిగాను. ఆ పిల్ల సొరుగులోంచి లామినేట్ చేసిన రూల్స్ షీటు తీసింది. పొగ తాగితే 250, పెంపుడు జంతువుకి రాత్రికి 35. తిండి గురించి ఒక్క ముక్క లేదు. మామయ్య కళ్లజోడు పెట్టుకుని ఆ షీటు రెండు వైపులా చదివి, "ఇందులో లేదు కదమ్మా" అని తెలుగులోనే ఆ పిల్లకి చెప్పారు. ఆ రెండు రోజులూ పొద్దున్నే మా పక్క గదిలోంచి బేకన్ (పంది మాంసం) వాసన కారిడార్ అంతా నిండిపోయింది. వాళ్లకీ 150 వేశారా అని అడిగాను. ఆ పిల్ల కంప్యూటర్ వైపు చూస్తూ, మేనేజర్‌తో మాట్లాడమంది. మేనేజర్ ఫోన్ ఎత్తలేదు. కార్డు వాళ్ల దగ్గర ముందే ఉంది కాబట్టి డబ్బు లాగేసుకున్నారు. నేను మాత్రం నాబ్‌లు లేని పొయ్యి, స్ప్రింగ్, కార్పెట్, డంప్‌స్టర్ వ్యూ, ఆ రూల్స్ షీటు అన్నీ ఫొటోలు తీసి, కిచెనెట్ అని రాసిన లిస్టింగ్ స్క్రీన్‌షాట్‌తో కలిపి ఆ 150 చెల్లదని క్రెడిట్ కార్డు కంపెనీకి డిస్ప్యూట్ పెట్టాను. డిసెంబర్లో 150 వెనక్కొచ్చాయి. గది అద్దెలో రూపాయి తగ్గలేదు.

సరే, ఇక చూసిన వాటి సంగతి.

ఆదివారం వాన వెలిసింది. పొద్దున్నే షుగర్ హిల్ వెళ్లి పాలీస్ ప్యాన్‌కేక్ పార్లర్‌లో టిఫిన్ చేశాం. 1938 నుంచి ఉన్న చోటు. ఏడింటికల్లా వెళ్లినా కాసేపు నిలబడాల్సొచ్చింది, ఆలస్యంగా వెళ్తే గంటలే. పిండి మనమే ఎంచుకోవచ్చు. మామయ్య మొక్కజొన్న పిండివి అడిగారు. అసలైన మేపుల్ సిరప్ పోసుకుని తిని, ఇంకో మూడు తెప్పించుకున్నారు. ఈ దేశంలో ఏదైనా రెండోసారి అడిగి తినడం అదే మొదలు. గుడ్డు కలుస్తుందని అత్తయ్య వాటిని ముట్టుకోలేదు, కాఫీతో సరిపెట్టుకున్నారు. కాఫీ కూడా నీళ్లలా ఉందన్నారనుకోండి. టిప్పుతో కలిపి 96 డాలర్లు. మొత్తం ట్రిప్‌లో బాధ లేకుండా ఇచ్చిన డబ్బు అదొక్కటే.

అక్కడి నుంచి కాంకమాగస్ హైవే. లింకన్ నుంచి కాన్వే దాకా 34 మైళ్ల చిల్లర, వైట్ మౌంటెన్ అడవి మధ్యలోంచి పోతుంది. దారిలో పెట్రోల్ బంకు లేదు, హోటల్ లేదు, బిల్‌బోర్డు లేదు. కాసేపటికి రోడ్డు 2,800 అడుగుల పైకి ఎక్కుతుంది. పెమిజెవాసెట్ ఓవర్‌లుక్ దగ్గర బండి ఆపి దిగాం. లోయంతా పొగమంచు, దాని మీదుగా ఒక్కో కొండ బయటికొస్తోంది. మేపుల్స్ ఎర్రగా, బర్చ్‌లు పసుపుగా, మధ్యమధ్య స్ప్రూస్‌లు ముదురాకుపచ్చగా. అత్తయ్య శాలువా కప్పుకుని మాట్లాడకుండా నిలబడ్డారు. తర్వాత ఫోన్ తీసి తెనాలికి వీడియో కాల్ చేయబోతే సిగ్నల్ లేదు. ఆ కోపం మధ్యాహ్నం దాకా ఉంది.

"మన బాదం చెట్టు ఆకులూ ఎర్రబడే రాలతాయిగా, దీనికింత హడావుడేంటి?" అన్నారు మామయ్య. అప్పుడు మా అమ్మాయి చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసి, బయాలజీ క్లాసులో విన్నదంతా తాతయ్యకి చెప్పింది. పగలు తగ్గి రాత్రులు చల్లబడితే ఆకులో పచ్చరంగు తయారవడం ఆగిపోతుంది. పసుపు ముందునుంచీ ఆకులోనే ఉంటుంది, పచ్చ పోయాక కనబడుతుంది. ఎరుపు మాత్రం అప్పటికప్పుడు తయారవుతుంది, ఆకులో చిక్కుకుపోయిన చక్కెరతో. పగలు మంచి ఎండ, రాత్రి గడ్డకట్టనంత చలి ఉంటే ఎరుపు బాగా తేలుతుంది. తాతయ్య శ్రద్ధగా విని, "అయితే మన బాదం చెట్టుకి చలెక్కడిది?" అని అడిగారు. అది సిలబస్‌లో లేదంది.

తొమ్మిదిన్నర దాటాక హైవే మీద కార్లు తోకలు పట్టుకున్నాయి. సబ్బడే ఫాల్స్ జలపాతం దగ్గర పార్కింగ్ దొరికింది, రాకీ గార్జ్ దగ్గర దొరకలేదు. సబ్బడే నడక చిన్నది, అత్తయ్య కూడా మెల్లగా రాగలిగారు. పార్కింగ్ దగ్గర ఉన్నవి నీళ్లు లేని గుంట మరుగుదొడ్లు, ఆవిడ తలుపు తీసి అలాగే వెనక్కొచ్చేశారు. పెద్దవాళ్లతో వెళ్తే ఆ ఏర్పాట్లు లింకన్‌లోనే చూసుకోండి.

కాంకమాగస్ కంటే నాకు బేర్ నోచ్ రోడ్ నచ్చింది. హైవే మధ్యలోంచి బార్ట్‌లెట్ వైపు తిరిగే తొమ్మిది మైళ్ల దారి. చలికాలం మూసేస్తారు. రెండు పక్కలా చెట్లు రోడ్డు మీదకి వంగి ఉన్నాయి, మాతో పాటు వచ్చినవి నాలుగైదు కార్లే. ఫొటోలకి అక్కడే ఆగండి. నార్త్ కాన్వేలో మాత్రం గంటన్నర ట్రాఫిక్‌లో ఇరుక్కుని అవుట్‌లెట్ మాల్‌లో తేలాం. అప్పటిదాకా మొహం గంటు పెట్టుకున్న అమ్మాయి 64 డాలర్లకి జాకెట్ కొనుక్కుని దారికొచ్చింది.

సోమవారం బిల్లు గొడవ తర్వాత ఫ్లూమ్ గార్జ్ అనే ఇరుకు లోయకి వెళ్లాం. అప్పట్లో టికెట్ ఆన్‌లైన్‌లో ముందే తీసుకుంటే మనిషికి 18 డాలర్లు, కౌంటర్లో 21 ఉండేది. రెండు మైళ్ల చుట్టు, మెట్లు చాలా ఉన్నాయి. రెండు రాతి గోడల మధ్య, తడి చెక్క వంతెనల మీద నడవాలి. తల పైకెత్తితే సన్నటి ఆకాశం, నీళ్లు మొహం మీద పడుతుంటాయి. ఆ 18 డాలర్లు దండగ కాదు. కానీ మోకాళ్ల నొప్పులున్న వాళ్లకి టికెట్ కొనొద్దు. అత్తయ్య 1886 నాటి, పైకప్పు ఉన్న ఎర్రటి వంతెన దగ్గరే కూర్చుండిపోయారు, ఆ డబ్బు నీళ్లపాలు.

తిరుగు దారిలో వెర్మాంట్ మీదుగా వచ్చాం. పామ్‌ఫ్రెట్‌లో ఇన్‌స్టాగ్రామ్‌లో తెగ తిరిగే ఒక ఫామ్‌హౌస్ ఉంది, మా ఆయన దాన్ని ఫొటో తీయాలని ఎన్నాళ్లుగానో ఆశపడ్డారు. తీరా వెళ్తే క్లౌడ్‌ల్యాండ్ రోడ్డుకి అడ్డం కట్టేసి ఉంది. ఫొటోల జనం తాకిడికి తట్టుకోలేక ఆ ఏడాది సెప్టెంబర్ 23 నుంచి అక్టోబర్ 15 దాకా ఊళ్లో వాళ్లని తప్ప ఎవర్నీ రానివ్వలేదు. "మంచి పని చేశారు" అన్నారు మామయ్య. మా ఆయన ఎడిసన్ దాకా నోరు విప్పలేదు.

మీరు వెళ్తే శని ఆదివారాలు వదిలేసి మంగళ, బుధవారాల్లో వెళ్లండి. అది కుదరకపోతే గంట దూరంలో కాంకర్డ్‌లో దిగి, తెల్లారక ముందే బయల్దేరండి. ఏడున్నరకి కాంకమాగస్ ఎక్కితే రోడ్డంతా మీ సొంతమే. పెట్రోల్ లింకన్‌లో నింపుకోండి, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. గదిలోకి అడుగుపెట్టగానే ఫొటోలు తీసి పెట్టుకోండి. జలపాతాల దగ్గర పార్కింగ్‌కి రోజుకి 5 డాలర్లు కవర్లో పెట్టి ఇనప గొట్టంలో వేయాలి, కాబట్టి జేబులో అయిదు డాలర్ల నోట్లు ఉంచుకోండి. మా దగ్గర ఇరవై నోటే ఉంది, గొట్టం చిల్లర ఇవ్వదు.