పిల్లల చర్మవైద్య విభాగం: మా పాప తలమీది పసుపు బొడిపెకు అందిన వైద్యం

మా పాపకు ఐదో నెలలో ఎడమ చెవికి పైన, తలమీద, శనగగింజంత పసుపు బొడిపె లేచింది. మొదట చూపించిన చోట అదేమిటో చెప్పకుండానే, పూర్తి మత్తు ఇచ్చి ఆ వారంలోనే కోసి తీసేయాలన్నారు. మేము బెంబేలెత్తి, పిల్లల చర్మవ్యాధులను మాత్రమే చూసే ఒక విభాగానికి వెళ్లాము. ఈ సమీక్ష ఆ విభాగం గురించి.

అక్కడి డాక్టరుగారు ముందుగా బొడిపెను వేలితో మెల్లగా రుద్ది, కొన్ని నిమిషాలు ఆగారు. మాస్టోసైటోమా (అలర్జీలో పాల్గొనే మాస్ట్ కణాలు పోగుపడి వచ్చే మరో రకం బొడిపె) అయితే రుద్దినచోట ఎర్రబడి ఉబ్బుతుందని, ఇది ఉబ్బలేదని చెప్పారు. తరువాత చర్మాన్ని పెద్దదిగా చేసి చూపే డెర్మోస్కోపు పెట్టి, నడుమ పసుపు-నారింజ రంగుతో, చుట్టూ ఎర్రని అంచుతో అస్తమించే సూర్యుడిలా ఉన్న ఆ బొడిపెను మాకూ చూపించారు. ఇది జువెనైల్ జాంతోగ్రాన్యులోమా కావచ్చని, హిస్టియోసైట్లనే రక్షణ కణాలు ఒకచోట పోగుపడటం వల్ల ఏర్పడే, క్యాన్సర్ కాని గడ్డ అని ఓపికగా వివరించారు. చాలామంది పిల్లల్లో చూసే తేల్చేయవచ్చట. మా పాపది త్వరగా పెరిగినందువల్ల, ఆ చోటు మాత్రమే తిమ్మిరెక్కే మందు ఇచ్చి 3 మిల్లీమీటర్ల ముక్క తీసి, ఒక కుట్టు వేశారు. (నడినెత్తిమీది గడ్డ అయితే ముక్క తీయడానికి ముందే స్కానింగ్ అవసరమని కూడా అప్పుడే తెలిసింది.)

నా అభ్యంతరం ఒక్కటే. "టూటన్ కణాలు కనిపించినవి" అన్న రిపోర్టును కౌంటరులో చేతికిచ్చి, డాక్టరుగారిని కలవడానికి నాలుగు రోజుల తరువాత రమ్మన్నారు. కేంద్రకాలు వలయంలా అమరిన ఆ పెద్ద కణాలు ఈ గడ్డను నిర్ధారించే గుర్తులేనని, భయపడవలసినది లేదని ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే, ఆ నాలుగు రాత్రులు మేము నిద్రపోయేవాళ్లం.

మిగిలిన శ్రద్ధకు వంక పెట్టలేను. రెండేళ్లలోపు పిల్లల్లో అరుదుగా కంటిలోనూ ఇవి ఏర్పడి రక్తస్రావానికి, గ్లకోమాకు (కంటిలో ఒత్తిడి పెరిగి చూపు దెబ్బతినే జబ్బుకు) దారితీస్తాయి కనుక కంటి పరీక్ష చేయించారు. ఒళ్లంతా వెతికి, వేరే బొడిపెలు గాని, ఒక జన్యువ్యాధికి సూచన కాగల పాలుకలిపిన కాఫీ రంగు మచ్చలు గాని లేవని రాసిపెట్టారు. ఆపైన మందు లేదు, కోత లేదు. వచ్చిన ప్రతిసారీ స్కేలు పక్కన పెట్టి ఫోటో తీసి, పాత ఫోటోతో పోల్చి చూపించేవారు.

పాపకు ఇప్పుడు ఏడాదిన్నర. బొడిపె చదునై, వేలికి తగలనంతగా తగ్గింది. ఆ చోట చర్మం కాస్త పలుచగా ఉంది. మళ్లీ ఆరు నెలలకు రమ్మన్నారు.