వదలని అజీర్తికి గ్యాస్ బిళ్లా, బ్యాక్టీరియా పరీక్షా, ఎండోస్కోపీయా: ఏది మేలు?

నాలుగు ముద్దలకే కడుపు నిండినట్టు ఉండడం, తిన్నాక గంటల తరబడి ఉబ్బరం తగ్గకపోవడం, బొడ్డుకు పైభాగంలో మంటో నొప్పో రావడం వారాల తరబడి సాగితే రోగి ముందు మూడు దారులుంటాయి: కడుపులో ఆమ్లాన్ని తగ్గించే పాంటాప్రజోల్ వంటి గ్యాస్ బిళ్లలు వాడి చూడడం, హెలికోబ్యాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా ఉందేమో పరీక్షించుకోవడం, నేరుగా ఎండోస్కోపీ, అంటే కెమెరా ఉన్న సన్నని గొట్టాన్ని నోటి ద్వారా పంపి కడుపు లోపల చూసే పరీక్ష, చేయించుకోవడం. మనలో చాలామంది మొదటి దారిలో అడుగుపెట్టి, వైద్యుడిని కలవకుండానే ఏళ్లు గడిపేస్తారు. నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది అదే.

ఎండోస్కోపీ ఎవరికి తప్పదో ముందు తేల్చుకోవాలి. మింగుడు పడకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఆగని వాంతులు, రక్తహీనత, రక్తపు వాంతి, మలం తారులా నల్లగా జిగటగా రావడం వంటివి ఉంటే బిళ్లలతో కాలయాపన చేయకూడదు. ఐరన్ మాత్రల వల్ల కూడా మలం నల్లబడుతుంది కనుక, అవి వాడుతుంటే వైద్యుడికి చెప్పాలి. ఈ లక్షణాలేవీ లేకపోయినా 60 ఏళ్లు దాటినవారికి ఎండోస్కోపీ చేయాలని 2017 నాటి అమెరికా, కెనడా మార్గదర్శకాలు సూచించాయి. మన వైద్యులు చాలామంది అంతకన్నా చిన్న వయసులోనే చేయిస్తారు. పుండు కంటికి కనిపించడం, అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపగలగడం దీని బలం. అయితే అజీర్తితో వచ్చేవారిలో ఎక్కువమందికి ఎండోస్కోపీలో ఏ లోపమూ కనిపించదు. అంతమాత్రాన వారి బాధ అబద్ధం కాదు. జీర్ణాశయం కదలికల్లో, నరాల సున్నితత్వంలో తేడా వల్ల కూడా అజీర్తి వస్తుంది, దానికి వేరే మందులున్నాయి.

ప్రమాద సూచనలు లేని చిన్న వయసువారికి బ్యాక్టీరియా పరీక్షతో మొదలుపెట్టడమే మేలని నా అభిప్రాయం. 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ గుర్తించిన ఈ సూక్ష్మజీవి కడుపులో పుళ్లకు ప్రధాన కారణాల్లో ఒకటి. ఆ పరిశోధనకే వారికి 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. శ్వాస పరీక్షలో ప్రత్యేకమైన కార్బన్ కలిపిన యూరియాను తాగిస్తారు. బ్యాక్టీరియా ఉంటే దాన్ని విడగొడుతుంది, ఆ కార్బన్ రోగి వదిలే గాలిలో బయటపడుతుంది. మలంలో యాంటిజెన్ (ఆ బ్యాక్టీరియా తాలూకు ప్రోటీన్) చూసే పరీక్ష కూడా నమ్మదగినదే. రక్తంలో యాంటీబాడీలు (బ్యాక్టీరియాను ఎదుర్కొనేందుకు శరీరం తయారుచేసే ప్రోటీన్లు) చూసే పరీక్ష మాత్రం పాత ఇన్‌ఫెక్షన్‌ను, ఇప్పుడున్నదాన్ని వేరు చేయలేదు కనుక దానిపై ఖర్చు పెట్టకపోవడమే మంచిది. చికిత్సతో బ్యాక్టీరియా పోయినంత మాత్రాన అజీర్తి అందరికీ తగ్గదు. కాని పుండు తిరగబెట్టే అవకాశం, జీర్ణాశయ క్యాన్సర్ ముప్పు తగ్గుతాయి.

ఇక గ్యాస్ బిళ్లలు చెడ్డవేమీ కావు. పరీక్షలో బ్యాక్టీరియా లేదని తేలినవారికి, ఉండి చికిత్స తరువాత కూడా బాధ తగ్గనివారికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు ఇవ్వడం సరైన పద్ధతే. ఉదయం టిఫినుకు అరగంట ముందు వేసుకుంటేనే అవి బాగా పనిచేస్తాయి; తిన్నాక వేసుకుని "పనిచేయడం లేదు" అనేవారు ఎందరో. మోకాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి రోజూ మింగుతూ, పైన గ్యాస్ బిళ్ల వేసుకుంటున్నవారు ముందుగా కడుపును దెబ్బతీసే ఆ నొప్పి బిళ్లల సంగతి వైద్యుడితో మాట్లాడాలి. గ్యాస్ బిళ్లలు నెలల తరబడి వాడి ఒక్కసారిగా మానేస్తే కొన్నాళ్లు ఆమ్లం మునుపటికన్నా ఎక్కువగా ఊరి మంట తిరిగి వస్తుంది. దాన్ని పాత రోగమే అనుకుని మళ్లీ మొదలుపెట్టేవారికి మోతాదు క్రమంగా తగ్గించుకోవడం దారి.

ఈ మూడింటిలో వరుస తప్పితే నష్టం కూడా ఉంది. గ్యాస్ బిళ్లలు వాడుతూ శ్వాస లేదా మల పరీక్షకు వెళితే బ్యాక్టీరియా ఉన్నా లేదని రావచ్చు. అందుకే వైద్యుడి సలహాతో వాటిని కనీసం రెండు వారాల ముందు, యాంటీబయాటిక్స్‌ను నాలుగు వారాల ముందు ఆపాలి. చికిత్స ముగిసిన నాలుగు వారాల తరువాత బ్యాక్టీరియా పోయిందో లేదో మరోసారి చూపించుకునేటప్పుడు కూడా ఇదే నియమం వర్తిస్తుంది.