పంజాబీ ‘ష’: ఒక్క కోడా, ‘స’ కింద చుక్కా?

పంజాబీ రాసే గురుముఖి లిపిలో ‘షేర్’ అని రాస్తే సింహం. చుక్క తీసేస్తే ‘సేర్’, అంటే మన శేరే, పాత కొలత. తేడా అంతా ‘స’ కింద పెట్టే ఆ చుక్కలోనే ఉంది. పంజాబీలు ఈ అక్షరాన్ని ‘సస్సే పైర్ బిందీ’ అంటారు, సస్సా (అంటే ‘స’) కాలి దగ్గర బిందువు అని. పాత 35 అక్షరాల ‘పైంతీ’లో ఇది లేదు. ఫారసీ, అరబీ మాటల కోసం తర్వాత వచ్చి చేరింది.

చేత్తో రాస్తే గొడవే లేదు. కంప్యూటర్లో మాత్రం దీన్ని రెండు రకాలుగా రాయొచ్చు. ప్రతి అక్షరానికీ ఒక నంబరు (కోడ్) ఇచ్చే యూనికోడ్‌లో 2614 కొడితే చుక్కతో సహా ఒకే కోడ్. లేదా ‘స’కు 2616, దాని వెనకే చుక్కకు 2620 (ఇవన్నీ దశాంశ సంఖ్యలు). మంచి ఫాంటయితే రెండూ తెర మీద ఒక్కలాగే ఉంటాయి.

ఒక పంజాబీ పదాల జాబితా సరిచూస్తుంటే ఇది నా నెత్తి మీదికొచ్చింది. ‘షేర్’ కళ్ళెదురుగా ఉంది, వెతికితే దొరకదు. ఫాంట్ తేడా అనుకుని అరగంట పోగొట్టుకున్నాను. చివరికి కోడ్‌లు లెక్కపెట్టిస్తే జాబితాలో ఉన్నదానికి 3, నేను టైపు చేసినదానికి 4 వచ్చాయి.

చోటు సంగతి పట్టించుకోనక్కర్లేదు. ఆ కోడ్‌లను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ‘షేర్’కు 9 బైట్లో 12 బైట్లో, అంతే. టైపు చేసేవాళ్ళకు ఒక్క కోడే హాయి. బ్యాక్‌స్పేస్ నొక్కితే అక్షరం మొత్తం పోతుంది. జంటగా ఉంటే చాలా చోట్ల చుక్క ఒక్కటే పోయి ‘స’ మిగులుతుంది, సింహం కాస్తా శేరవుతుంది. ఇక వరస అంటారా, ఉత్త కోడ్ నంబర్ల ప్రకారం పేరిస్తే రెండూ తప్పే. 2614 అయితే ‘ష’ మాటలన్నీ ‘స’ కంటే ముందుకొచ్చి కూర్చుంటాయి, జంట అయితే ‘స’ మాటల మధ్యలో దూరతాయి.

అయినా నా ఓటు జంటకే. డేటాను ఒకే రూపానికి తెచ్చే ఎన్‌ఎఫ్‌సీ పద్ధతి మామూలుగా విడి ముక్కల్ని కలుపుతుంది. మన ‘కై’లోని ఐత్వాన్ని 3142, 3158 అని రెండుగా ఇచ్చినా 3144గా కలిపేస్తుంది. పంజాబీ ‘ష’ దగ్గర మాత్రం అడ్డం తిరుగుతుంది. ఈ అక్షరం యూనికోడ్ మినహాయింపుల జాబితాలో ఉంది కాబట్టి, 2614 ఇచ్చినా విడగొట్టి జంటగానే బయటికి పంపుతుంది. చుక్క ఉన్న ఖ, గ, జ, ఫ, ళలదీ ఇదే కథ. ఈ నియమం ఇక మారదు కూడా. మీరు ఒక్క కోడ్‌గా దాచుకున్నా దారిలో ఏ సాఫ్ట్‌వేరో విడగొట్టేయొచ్చు. అలాంటప్పుడు మొదటే జంటగా పెట్టుకోవడం నయం కదా. ఇంకో లాభం, పంజాబీలు చాలామంది టైపులో చుక్క వదిలేస్తారు. వెతికేటప్పుడు 2620ని పక్కన పెడితే వాళ్ళు రాసినవీ దొరుకుతాయి.

మూడో దారి అన్మోల్ లిపి లాంటి పాత ఫాంట్లు. అక్కడ ‘ష’ అంటే లోపల ఇంగ్లిష్ క్యాపిటల్ ఎస్. ఫాంట్ మారిస్తే ఇంగ్లిష్ అక్షరాల పిచ్చిగీతలే. తెలుగులో పాత అను ఫాంట్లతో డీటీపీ చేసినవాళ్ళకు ఈ బాధ కొత్తగా చెప్పక్కర్లేదు. అచ్చుకు సరే, వెతకడానికి పనికిరాదు.

జంటతో అసలు చిక్కు ఒకటుంది. ‘షే’ రాసేటప్పుడు ‘స’, చుక్క, ఆ తర్వాత ఏత్వం రావాలి. ఎవరైనా ఏత్వం ముందు కొట్టి చుక్క తర్వాత పెడితే ఎన్‌ఎఫ్‌సీ కూడా సరిచేయదు. కొన్ని చోట్ల తప్పు చోట పడ్డ చుక్క దగ్గర, గుర్తు ఒంటరిగా ఉందని చూపే చుక్కల వలయం కనబడి పట్టిస్తుంది, కొన్ని చోట్ల అదీ కనబడదు. నా జాబితాలో అలాంటివాటి కోసం, ఏత్వం వెనక 2620 ఎక్కడుందో విడిగా వెతికి ఒక్కొక్కటీ చేత్తో దిద్దాను.